చదివే ఖర్చు ఢిల్లీది, రాసే ఖర్చు స్కాలర్‌ది: జర్నళ్ల చందాల లెక్క ఎలా మారుతోంది?

క్లుప్తంగా: 2025 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వ పథకం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అమల్లోకి వచ్చింది. దీంతో వరంగల్, కరీంనగర్, నిజామాబాద్‌లలోని ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు దాదాపు 13 వేల జర్నళ్లు (పరిశోధన పత్రికలు) చదివే వీలు దొరికింది. అయితే జర్నళ్ల వ్యాపారం ఇప్పుడు పాఠకుడి దగ్గర చందా వసూలు చేసే పద్ధతి నుంచి రచయిత దగ్గర ఫీజు వసూలు చేసే పద్ధతికి మళ్లుతోంది. మొదటి దశలో ప్రైవేటు కాలేజీలకు చోటు లేదు. ఇప్పుడున్న కేటాయింపు 2027 చివరి వరకే.

ఒకే ఊళ్లో రెండు జాబితాలు

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన నగరంలో నిట్‌కూ కాకతీయ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. నిట్ 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైంది. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో ఏర్పడింది. ఒకటి కేంద్రానిది, ఇంకొకటి రాష్ట్రానిది. రెండు చోట్లా ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ పరిశోధనలు జరుగుతాయి. అయినా ఇక్కడ తెరుచుకునే జర్నల్ అక్కడ తెరుచుకుంటుందన్న నమ్మకం చాలా ఏళ్లు ఉండేది కాదు. 'ఈ పేపర్ కాస్త డౌన్‌లోడ్ చేసి పంపు' అని పక్క క్యాంపస్‌లోని స్నేహితుడికి మెసేజ్ పెట్టడం స్కాలర్లకు మామూలే.

ఈ తేడాకు కారణం లైబ్రరీలు ఏ గొడుగు కింద ఉన్నాయన్నదే. ఐఐటీలు, నిట్‌ల వంటి వాటికి 2003 ప్రాంతంలో ఇండెస్ట్ అనే కన్సార్షియం, అంటే కలిసి చందా కట్టే లైబ్రరీల కూటమి, వచ్చింది. విశ్వవిద్యాలయాలకు 2004లో యూజీసీ-ఇన్ఫోనెట్ మొదలైంది. ఎయిడెడ్, డిగ్రీ కాలేజీలకు ఎన్-లిస్ట్ అని ఇంకో పథకం. ఈ మూడింటినీ 2015లో ఈ-శోధ్‌సింధు పేరుతో కలిపారు కానీ, ఏ సంస్థకు ఏ ప్యాకేజీ అన్న తేడా అలాగే ఉండిపోయింది. వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు సెరా, వైద్య కాలేజీలకు ఎర్మెడ్, సీఎస్‌ఐఆర్ ల్యాబ్‌లకు మరొకటి. మొత్తం మీద పది కన్సార్షియాలు వేర్వేరు మంత్రిత్వ శాఖల కింద, తరచూ అవే ప్రచురణ సంస్థలతో విడివిడిగా బేరాలాడేవి. అమ్మేవాడు ఒక్కడే, కొనేవాళ్లు పది గుంపులు. ఆ బేరంలో పైచేయి ఎవరిదో చెప్పనక్కర్లేదు.

2024 నవంబర్ 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పథకం ఈ పది గుంపులనూ ఒక్కటి చేసింది. మూడేళ్లకు 6 వేల కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, సుమారు 6,300 ప్రభుత్వ సంస్థలు, 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. గాంధీనగర్‌లో విశ్వవిద్యాలయ లైబ్రరీలను కలిపే యూజీసీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ దీన్ని నడుపుతోంది.

ధర ఎందుకు ఇంతలా పెరిగింది?

పథకం అర్థం కావాలంటే ముందు ఈ సరుకు తీరు అర్థం కావాలి. జర్నల్ వ్యాపారం వేరే ఏ పత్రిక వ్యాపారంలాగానూ ఉండదు.

పరిశోధనకు ప్రభుత్వం డబ్బిస్తుంది. ప్రభుత్వ జీతం తీసుకునే అధ్యాపకుడు దాన్ని రాస్తాడు. రాసినందుకు జర్నల్ ఒక్క రూపాయి ఇవ్వదు. ఆ పేపర్ బాగుందో లేదో చూసే రివ్యూయర్లూ సాధారణంగా ఉచితంగానే చూస్తారు. కాపీరైట్ బదిలీ ఫారం మీద సంతకం పెట్టాక పేపర్ ప్రచురణ సంస్థది అవుతుంది. తర్వాత అదే పేపర్‌ను అదే ప్రభుత్వ విశ్వవిద్యాలయపు లైబ్రరీ డబ్బు పెట్టి కొంటుంది. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చిన రైతు ధర గిట్టలేదని గొడవ పడొచ్చు. కానీ ఆయన సరుకుకు ధరంటూ ఒకటి పలుకుతుంది. ఇక్కడ రాసినవాడికి అదీ లేదు. అతనికి దక్కేది పేరు, ప్రమోషన్, పీహెచ్‌డీ. ప్రచురణ సంస్థలు చేసే పని అసలే లేదని కాదు. ఎడిటింగ్, టైప్‌సెట్టింగ్, సర్వర్లు, వచ్చిన వేల పేపర్లను వడకట్టడం వంటివన్నీ ఖర్చుతో కూడినవే. వివాదమంతా ఆ ఖర్చుకూ వసూలు చేసే ధరకూ మధ్య ఉన్న దూరం గురించే.

ఆ దూరం పెరగడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, ఒక పేపర్‌కు బదులు ఇంకో పేపర్ పనికిరాదు. సోనా మసూరి ధర పెరిగితే ఇంకో రకం బియ్యం కొనుక్కోవచ్చు. నానో పదార్థాల మీద ఫలానా ప్రయోగం వివరాలు కావాలంటే ఆ పేపరే చదవాలి. రెండోది, చదివేవాడికి ధర కనిపించదు. ప్రొఫెసర్ జర్నల్ కావాలని ఇండెంట్ పెడతాడు, లైబ్రరీ కడుతుంది. ధర రెట్టింపైనా అడిగేవాడి జేబుకు తగలదు కాబట్టి గిరాకీ తగ్గదు.

ఈ సూత్రాన్ని తొందరగా పట్టుకున్నవారిలో బ్రిటన్ ప్రచురణకర్త రాబర్ట్ మాక్స్‌వెల్ ఒకడు. 1951లో చేతికొచ్చిన చిన్న ప్రచురణ సంస్థకు పెర్గమాన్ ప్రెస్ అని పేరు పెట్టి, ఒక్కో ఉపశాస్త్రానికీ ఒక్కో కొత్త జర్నల్ మొదలుపెడుతూ పోయాడు. కొత్త జర్నల్ పాతదానికి పోటీ కాదు, లైబ్రరీ రెండూ కొనాల్సిందే. 1991లో పెర్గమాన్‌ను మరో పెద్ద జర్నళ్ల సంస్థ ఎల్సెవియర్‌కు అమ్మినప్పుడు పలికిన ధర 44 కోట్ల పౌండ్లు. ఆ తర్వాత చిన్న సంస్థలను పెద్దవి కొనడం ఊపందుకుంది. మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2013 నాటికే సైన్సు, వైద్యంలోనూ సామాజిక శాస్త్రాల్లోనూ సగానికి పైగా పేపర్లు ఐదేసి పెద్ద సంస్థల చేతుల్లోంచే వస్తున్నాయి. ఎల్సెవియర్ మాతృసంస్థ రెలెక్స్ లెక్కల్లో సైన్సు, వైద్య విభాగపు నిర్వహణ లాభం ఏళ్ల తరబడి 30 శాతం పైనే ఉంటోంది.

మన దగ్గర దీనికి రూపాయి కథ కూడా తోడైంది. చందాలు డాలర్లలో, పౌండ్లలో, యూరోల్లో కట్టాలి. 1990లో 17 రూపాయల చిల్లర ఉన్న డాలర్ 2025 నాటికి 85 దాటింది. అంటే జర్నల్ తన ధరను ఒక్క సెంటు కూడా పెంచకపోయినా రూపాయల్లో బిల్లు ఐదింతలు. 1991 జూలైలో రూపాయి విలువ తగ్గించినప్పుడు ఆ దెబ్బ ఒక్కసారిగా తెలిసింది. పాత లైబ్రేరియన్లకు ప్రతి రెన్యువల్ సీజన్‌లోనూ మారకపు రేటుతోనే టెన్షన్. ఏజెంటు ఇచ్చే ప్రొఫార్మా బిల్లులో డాలర్‌ను ఏ రోజు రేటుకు లెక్కగట్టాడన్న దాని మీద ఎన్ని ఆడిట్ అభ్యంతరాలు వచ్చేవో లెక్కలేదు. బడ్జెట్ పెరగదు, బిల్లు పెరుగుతుంది, జాబితాలో ఏదో ఒక జర్నల్ మీద అడ్డగీత పడుతుంది. విదేశీ లైబ్రరీలకూ ఈ బాధ ఉంది. ఏటా 37.5 లక్షల డాలర్ల దాకా జర్నళ్లకు పోతోందని, ఇది భరించలేమని 2012లో హార్వర్డ్ విశ్వవిద్యాలయమే తన అధ్యాపకులకు రాసింది. హార్వర్డే ఆ మాట అన్నప్పుడు ఇక రాష్ట్ర విశ్వవిద్యాలయాల సంగతి ఊహించుకోవచ్చు.

బౌండ్ వాల్యూమ్ నుంచి పాస్‌వర్డ్ దాకా

కాగితం కాలంలో చందా ఆపేస్తే కొత్త సంచికలు ఆగేవి. పాతవి మాత్రం బైండింగ్ చేయించి షెల్ఫుల్లో ఉండేవి. యాభై ఏళ్ల నాటి బౌండ్ వాల్యూమ్ ఈరోజూ తెరిస్తే తెరుచుకుంటుంది. దానికి రెన్యువల్ లేదు.

1990ల మధ్యలో ఇంటర్నెట్ వచ్చాక వ్యాపారం మారింది. ఒక్కో జర్నల్‌ను విడిగా అమ్మకుండా, సంస్థ దగ్గరున్న జర్నళ్లన్నీ కట్టగట్టి ఒకే ధరకు ఇవ్వడం మొదలైంది. దీన్ని 'బిగ్ డీల్' అన్నారు. విడిగా కొంటే పడే ధరతో పోలిస్తే కట్ట చవక. కానీ కట్టలోంచి అక్కర్లేనివి తీసేసి బిల్లు తగ్గించుకునే వీలుండదు. కేబుల్ టీవీలో ఒక్క చానల్ కోసం మొత్తం ప్యాక్ తీసుకున్నట్టే.

దీంతో లైబ్రరీ కొనేది మారిపోయింది. ఇంతకుముందు వస్తువు కొనేది, ఇప్పుడు అద్దె కడుతోంది. అద్దె ఆపిన తర్వాత పాత సంచికలు దొరుకుతాయా లేదా అన్నది ఒప్పందంలోని షరతు మీద ఆధారపడి ఉంటుంది. 'శాశ్వత ప్రవేశం' అనే ఆ షరతు కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. కంప్యూటర్ ఐపీ అడ్రస్ చూసి క్యాంపస్ లోపలివారికే తలుపు తెరుచుకుంటుంది. సెలవుల్లో భూపాలపల్లిలోని ఇంటికి వెళ్లిన స్కాలర్‌కు అదే పేపర్ తెరవాలంటే సంస్థ ఇచ్చిన ఐడీతో లాగిన్ కావాలి. ఆ ఏర్పాటు కోసం ఇన్‌ఫ్లిబ్‌నెట్ ఇన్‌ఫెడ్ అనే వ్యవస్థను నడుపుతోంది. లాగిన్ చేయించే పని మాత్రం ఆ కాలేజీ లైబ్రేరియన్‌దే. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో లైబ్రేరియన్ పోస్టు ఖాళీగా ఉన్న చోట పథకం కాగితం మీద ఉన్నా, దాన్ని అందించే చెయ్యి ఉండదు.

ఆరు వేల కోట్లను విడగొట్టి చూస్తే

మూడేళ్లకు 6 వేల కోట్లంటే ఏటా 2 వేల కోట్లు. 6,300 సంస్థల మీద సగటు వేస్తే ఒక్కోదానికి ఏడాదికి సుమారు 32 లక్షలు. 1.8 కోట్ల మంది మీద వేస్తే తలకు 1,100 రూపాయల పైచిలుకు. జర్నళ్ల మీద వేస్తే ఒక్కో జర్నల్‌కు దేశమంతటికీ కలిపి 15 లక్షల చిల్లర.

ఈ సగటులు వింటే బేరం చవకగా తోస్తుంది. వాటిని కొంచెం జాగ్రత్తగా చూడాలి. 1.8 కోట్ల మందిలో అత్యధికులు డిగ్రీ విద్యార్థులు. బీకాం రెండో సంవత్సరం విద్యార్థికి పాలిమర్ కెమిస్ట్రీ జర్నల్‌తో పని పడదు. 32 లక్షల సగటూ అంతే. నిట్ వంటి సంస్థ విడిగా కడితే దానికి ఎన్నో రెట్లవుతుంది. చిన్న జిల్లా కాలేజీ ఎప్పుడూ అంత కట్టి ఉండదు, కట్టాల్సిన అవసరమూ రాలేదు. వాడకం కొద్ది వందల పెద్ద సంస్థల్లో పోగుపడుతుంది. ప్రచురణ సంస్థకు ఇది బాగా తెలుసు. ఎన్నడూ చందా కట్టని, కట్టే అవకాశమూ లేని వేల కాలేజీలను జాబితాలో చేర్చడం వల్ల అది కోల్పోయేది ఏమీ లేదు. సర్వర్ మీద ఇంకొందరు లాగిన్ అవుతారు, అంతే.

అయినా లాభపడేవారు లేరనలేం. అసలు లాభం మధ్యస్థాయి సంస్థలకు. కాకతీయ విశ్వవిద్యాలయం, కరీంనగర్‌లోని శాతవాహన, డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం, బాసర ట్రిపుల్ ఐటీ, కాకతీయ మెడికల్ కాలేజీ వంటివి ఈ కోవలోకే వస్తాయి. పరిశోధన జరుగుతుంది, కానీ సొంతంగా పెద్ద కట్టలు కొనే స్తోమత లేదు. నిట్ స్కాలర్‌కు తెరుచుకునే పేజీయే ఇప్పుడు వీళ్లకూ తెరుచుకుంటుంది. ఎంజీఎం ఆసుపత్రిలో పీజీ చేస్తున్న డాక్టర్ థీసిస్ కోసం తాజా పేపర్ చూడాలంటే ఢిల్లీలో చదివే బ్యాచ్‌మేట్‌ను అడగాల్సిన పని తగ్గింది. ఇది చిన్న విషయమేమీ కాదు.

బిల్లు చేతులు మారింది

పథకం గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా మరుగున పడుతున్న మార్పు ఇంకొకటి ఉంది. ప్రపంచం చందాల నుంచే బయటికి నడుస్తున్న సమయంలో ఇంత పెద్ద చందా ఒప్పందం జరిగింది.

పరిశోధన ఫలితాలు ఎవరైనా ఉచితంగా చదివేలా ఉండాలన్న ఓపెన్ యాక్సెస్ ఉద్యమానికి 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటన ఒక మైలురాయి. అంతకు ముందే, 1991లో, ఫిజిక్స్ వారు జర్నల్‌లో రాకముందే పేపర్లను (ప్రీప్రింట్లు) ఉచితంగా పెట్టే ఆర్కైవ్ అనే వెబ్‌సైట్ పెట్టుకున్నారు. 2018లో యూరప్‌లోని కొన్ని నిధుల సంస్థలు 'ప్లాన్ ఎస్' ప్రకటించాయి: మా డబ్బుతో చేసిన పరిశోధన మొదటి రోజు నుంచే అందరికీ తెరిచి ఉండాలని. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ డబ్బుతో చేసిన పరిశోధనకు 2025 జూలై 1 నుంచి దాదాపు ఇదే నియమం.

ప్రచురణ సంస్థలు మొదట దీన్ని వ్యతిరేకించాయి. తర్వాత ఇందులోనూ దారి చూసుకున్నాయి. పాఠకుడు కట్టకపోతే రచయిత కట్టాలి. పేపర్ అంగీకారం పొందాక రచయిత కట్టే ఈ ఫీజును ఏపీసీ అంటారు. పేరున్న జర్నళ్లలో 2 నుంచి 3 వేల డాలర్ల ఫీజు మామూలు. 'నేచర్' పత్రిక ఈ దారి ప్రవేశపెట్టినప్పుడు చెప్పిన ధర 9,500 యూరోలు, అప్పటి రేటుకు ఎనిమిది లక్షల రూపాయల పైమాట. 3 వేల డాలర్లంటే రెండున్నర లక్షలు. పీహెచ్‌డీ స్కాలర్లకు ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37 వేలు. అంటే ఒక్క పేపర్ ఫీజు దాదాపు ఏడు నెలల ఫెలోషిప్. ఫెలోషిప్ లేని స్కాలర్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పేద దేశాల రచయితలకు ఫీజు మాఫీలుంటాయి. 'రిసెర్చ్ ఫర్ లైఫ్' జాబితాలోని దేశాలకు చాలా సంస్థలు మినహాయింపు ఇస్తాయి. భారతదేశం ఆ జాబితాలో లేదు. మొత్తం ఆర్థిక వ్యవస్థ పెద్దది కాబట్టి మనం పెద్ద దేశం. తలసరి ఆదాయం చూస్తే కథ వేరు. ఈ రెండింటి మధ్య ఇరుక్కునేది స్కాలర్.

కేంద్రం ఈ వైపును పూర్తిగా మరిచిపోలేదు. ఎంపిక చేసిన మంచి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లలో ప్రచురించేందుకు ఏటా 150 కోట్లు విడిగా ఇస్తామంది. సగటున రెండున్నర లక్షల చొప్పున లెక్కేస్తే ఆ డబ్బు ఆరు వేల పేపర్లకు సరిపోతుంది. మన దేశం నుంచి ఏటా రెండు లక్షలకు పైగా పేపర్లు వస్తాయి. అన్నీ ఫీజు జర్నళ్లకు పోవు, నిజమే. ఎంపికలో ముందుండే సంస్థలేవో అన్న ప్రశ్న అయినా మిగులుతుంది. చదవడానికి ఏటా 2 వేల కోట్లు, రాయడానికి 150 కోట్లు. నిష్పత్తి చూస్తే పథకం ఏ కాలపు వ్యాపారాన్ని ఉద్దేశించిందో తెలిసిపోతుంది.

జర్మనీ ఇదే సమస్యను ఇంకోలా ఎదుర్కొంది. 'డీల్' పేరుతో దేశంలోని విశ్వవిద్యాలయాలన్నీ ఒక్కటై, చదవడానికీ రాయడానికీ కలిపి ఒకే ఒప్పందం కావాలని పట్టుబట్టాయి. ప్రచురణ సంస్థల్లో విలీతో 2019లో, స్ప్రింగర్ నేచర్‌తో 2020లో కుదిరింది. ఎల్సెవియర్‌తో కుదరకపోతే ఏళ్ల తరబడి ఆ జర్నళ్లు లేకుండానే గడిపారు. ఒప్పందం 2023లో గాని కాలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కూడా 2019లో అదే సంస్థతో చందా ఆపేసి, రెండేళ్ల తర్వాత, 2021లో, తన రచయితల పేపర్లు తెరిచి ఉంచే షరతుతో మళ్లీ చేరింది. బేరంలో బలం 'వద్దు' అనగలిగే శక్తి నుంచి వస్తుందని ఈ రెండు ఉదంతాలూ చూపిస్తున్నాయి. 30 సంస్థలతో ఒకేసారి ఒప్పందం చేసుకున్న దేశం ఏ ఒక్కదాన్ని వదులుకున్నా రాజకీయంగా 'పథకం తగ్గించారు' అన్న మాట పడుతుంది.

ఫీజు నీడలో పెరిగిన నకిలీలు

రచయిత డబ్బు కట్టే పద్ధతిలో ఒక చిక్కుంది. చందా జర్నల్‌కు చెత్త పేపర్లు వేస్తే పాఠకులు పోతారన్న భయం ఉంటుంది. ఫీజు జర్నల్‌కు ప్రతి పేపరూ ఆదాయమే, తిప్పి పంపిన ప్రతిదీ నష్టమే. ఈ సందులోంచి డబ్బు తీసుకుని ఏదైనా వేసే జర్నళ్లు పుట్టుకొచ్చాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో, రచయితలను మోసగించారంటూ 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. పెద్ద సంస్థలకూ ఈ మరక తప్పలేదు. విలీ 2021లో దాదాపు 30 కోట్ల డాలర్లకు కొన్న హిందావి జర్నళ్లలో ఒక్క 2023లోనే 8 వేలకు పైగా పేపర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. చివరికి ఆ పేరునే వదిలేసుకుంది.

మన క్యాంపస్‌లలో దీనికి గిరాకీ ఎక్కడి నుంచి వస్తుందో అందరికీ తెలిసిందే. ప్రమోషన్‌కు పాయింట్లు, కాలేజీల నాణ్యత చూసే నాక్ గ్రేడుకు సంఖ్యలు, కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుకు పేపర్ల సూచిక స్కోపస్ లెక్కలు. పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వాలంటే ముందు పేపర్ పడాలన్న నిబంధనను యూజీసీ 2022లో తొలగించింది. అయినా గైడ్లు, విభాగాలు ఆ అలవాటును అంత తేలిగ్గా వదల్లేదు. నకిలీలను వడకట్టేందుకు పెట్టిన యూజీసీ-కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో రద్దు చేసి, ఏది మంచి జర్నలో సంస్థలే తేల్చుకోవాలన్నారు. పెద్ద సంస్థలకు ఆ శక్తి ఉంటుంది. మిగతా చోట్ల 'రెండు వారాల్లో పేపర్ పబ్లిష్' అంటూ వచ్చే వాట్సాప్ ఫార్వర్డులకు మంచి సీజన్.

గోడ బయట ఉన్నవారు

ఉత్తర తెలంగాణలో ఇంజినీరింగ్ చదివేవారిలో చాలామంది ప్రైవేటు కాలేజీల్లో ఉన్నారు. వరంగల్ చుట్టుపక్కలే అలాంటివి ఎన్నో. వాటిలో కొన్ని అటానమస్ కాలేజీలు, కొన్నింటికి పరిశోధన కేంద్రాలూ ఉన్నాయి. మొదటి దశ ప్రభుత్వ సంస్థలకే కాబట్టి ఇవి ఈ పథకంలో లేవు. వాటి లైబ్రరీలు ఎప్పట్లాగే లైబ్రరీల నెట్‌వర్క్ డెల్‌నెట్ వంటి చిన్న చందాలతో, గుర్తింపు నిబంధనల కోసం కొనే ఒకటి రెండు ప్యాకేజీలతో నెట్టుకొస్తాయి. ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేసే అధ్యాపకుడిది ఇంకో వింత స్థితి. స్కాలర్‌గా ఆయన లోపలివాడు, ఉద్యోగిగా బయటివాడు.

ఇలాంటివారు ఇన్నేళ్లూ ఆధారపడింది ఎక్కువగా సై-హబ్ మీద. 2011లో అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ మొదలుపెట్టిన ఈ సైట్ పేవాల్ (డబ్బు కడితేనే తెరుచుకునే అడ్డుగోడ) దాటించి పేపర్లు ఇచ్చేది. ఎల్సెవియర్, విలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ 2020 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. 2025 ఆగస్టులో సైట్‌ను బ్లాక్ చేయమని ఆదేశం వచ్చింది. ప్రభుత్వ సంస్థలకు సక్రమమైన తలుపు తెరిచిన ఏడాదే దొడ్డిదారి మూసుకుంది. తలుపు దొరకనివారికి మాత్రం రెండూ మూసుకున్నట్టయింది.

చట్టబద్ధమైన దారులు లేకపోలేదు. ఉచితంగా దొరికే రచయిత ప్రతి ఎక్కడుందో వెతికిపెట్టే అన్‌పేవాల్ ఉంది. ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల డైరెక్టరీ ఉంది. దేశంలోని థీసిస్‌లను శోధ్‌గంగ ఉచితంగా ఇస్తుంది. కేంద్ర బయోటెక్నాలజీ, సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖలు (డీబీటీ, డీఎస్‌టీ) 2014లోనే ఒక విధానం ప్రకటించాయి. తమ డబ్బుతో చేసిన పరిశోధన తుది ప్రతిని రచయితలు సంస్థ రిపాజిటరీలో (పేపర్లు దాచే ఆన్‌లైన్ భాండాగారంలో) పెట్టాలని. దానికి ఏపీసీ అక్కర్లేదు. రచయిత ప్రతిని అప్‌లోడ్ చేస్తే చాలు, చాలా జర్నళ్లు కొంత గడువు తర్వాత దానికి ఒప్పుకుంటాయి. ఇంత చవకైన దారిని ఇంత తక్కువ మంది వాడటమే విచిత్రం. రిపాజిటరీ పెట్టి నడిపే మనిషి లేకపోవడం ఒక కారణం. సంతకం పెట్టిన కాపీరైట్ ఫారంలో ఏముందో చదవకపోవడం ఇంకో కారణం.

కట్టలో లేని తెలుగు

ఈ 13 వేల జర్నళ్లలో దాదాపు అన్నీ ఇంగ్లీషువే, విదేశీ సంస్థలవే. కాకతీయుల శాసనాల మీదో, మేడారం జాతర మీదో, నిజాం కాలపు గ్రంథాలయ ఉద్యమం మీదో పనిచేసే స్కాలర్‌కు సిద్ధాంత చర్చకు ఈ కట్ట ఉపయోగపడుతుంది. అసలు ఆధారాలు మాత్రం అందులో ఉండవు. అవి పాత తెలుగు, ఉర్దూ పత్రికల ఫైళ్లలో, శాసన సంపుటాల్లో, హనుమకొండలో 1904లో పెట్టిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వంటి చోట్ల ఉంటాయి. వాటిని స్కాన్ చేసి, సూచికలు తయారుచేసి పెట్టే పని ఏ అంతర్జాతీయ ప్రచురణ సంస్థా చేయదు, అందులో దానికి వ్యాపారం లేదు. చందాల భారం కేంద్రానికి పోవడంతో విశ్వవిద్యాలయాల దగ్గర ఎంతో కొంత మిగిలితే, అది వెళ్లాల్సిన చోటుల్లో ఇదొకటి. కాకపోతే ప్రభుత్వ బడ్జెట్లలో 'ఇక జర్నళ్లకు డబ్బెందుకు?' అని ఆ పద్దునే కోసేయడం అంతకన్నా తేలిక.

ఆ కోత అసలు ప్రమాదం. ఇంటింటికీ భగీరథ నల్లా వచ్చిందని ఊళ్లో చేదబావిని పూడ్చేస్తే, పైన పంపు ఆగిన రోజు తెలుస్తుంది. విశ్వవిద్యాలయం జర్నళ్ల పద్దు ఒకసారి ఎత్తేస్తే, తిరిగి తెచ్చుకోవడానికి ఆర్థిక శాఖ చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో లైబ్రరీ వాళ్లకే తెలుసు. ఏ జర్నల్ కావాలో వద్దో తేల్చే లైబ్రరీ కమిటీ సమావేశాలు ఆగిపోతే, ఆ తెలివిడి కూడా మెల్లగా పోతుంది.

2027లో బల్ల మీదికి వచ్చేవి

ఇప్పటి కేటాయింపు 2025, 2026, 2027 సంవత్సరాలకు. తర్వాతి బేరం అంతకు ముందే మొదలు కావాలి. వాడకాన్ని పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ అనుసంధాన్ నేషనల్ రిసెర్చ్ ఫౌండేషన్ సమీక్షిస్తుందని కేంద్రం ముందే చెప్పింది. ఏ సంస్థలో ఎన్ని డౌన్‌లోడ్లయ్యాయో ప్రచురణ సంస్థల సర్వర్లే లెక్కగట్టి ఇస్తాయి. వాడకం బాగా పెరిగితే 'ఇంత వాడుతున్నారు కాబట్టి ధర పెంచుతాం' అంటారు. తగ్గితే 'ఇంత డబ్బు దేనికి?' అని ఆర్థిక శాఖ అడుగుతుంది. ఏదెలా ఉన్నా అమ్మేవారి చేతిలో ఇప్పుడు కొత్త సరుకు కూడా ఉంది. టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అనే జర్నళ్ల సంస్థకు మాతృసంస్థ అయిన ఇన్‌ఫార్మా 2024లో తన పరిశోధన సాహిత్యాన్ని ఏఐ కోసం వాడుకునేలా మైక్రోసాఫ్ట్‌తో ఒప్పందం చేసుకుంది. మొదటి చెల్లింపే కోటి డాలర్లకు పైన. ఉచితంగా రాసిచ్చిన పేపర్లకు పాఠకుడు, రచయిత కాకుండా మూడో గిరాకీ దొరికిందన్నమాట. వచ్చే ఒప్పందంలో ఏఐ పనిముట్లకు విడిగా ధర అడిగినా ఆశ్చర్యం లేదు.

పథకాన్ని తర్వాతి దశల్లో ప్రైవేటు సంస్థలకు, ఆ తర్వాత పబ్లిక్ లైబ్రరీల ద్వారా మామూలు పౌరులకు విస్తరించాలన్నది మొదటి నుంచీ ఉన్న ఆలోచన. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను జనం ఇప్పటికే కడుతున్నారు. జిల్లా గ్రంథాలయానికి వెళ్లి చూస్తే గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పిల్లలతో కుర్చీ దొరకదు. వారి మధ్య ఒక కంప్యూటర్ ముందు ప్రైవేటు కాలేజీ లెక్చరరో, విత్తనాల గురించి తెలుసుకోవాలనుకునే రైతో కూర్చుని పేవాల్ లేకుండా పేపర్ చదివే రోజు ఆ మూడో దశకు సంబంధించింది. 6 వేల కోట్లు కేటాయించింది మాత్రం మొదటి దశకే.